యెంటా: గయ్యాళి పేరు పెళ్లిళ్ల మధ్యవర్తికి ఎలా అంటుకుంది

అమెరికాలో కొన్నాళ్లు ఉన్నవాళ్లకు 'యెంటా' అనే మాట ఎక్కడో ఒకచోట చెవిన పడే ఉంటుంది. ఆఫీసులో ఒకావిడ తన టీములోని పెళ్లికాని కుర్రాడిని, పక్క టీములోని పెళ్లికాని అమ్మాయిని ఒకే టేబుల్ దగ్గర భోజనానికి కూర్చోబెట్టాలని నానా తంటాలు పడుతుంటే, 'ఆవిడ మా ఆఫీసు యెంటా' అని నవ్వుకుంటారు. దాంతో చాలామంది, ఓహో, యూదుల భాషలో పెళ్లిళ్లు కుదిర్చేవాళ్లను యెంటా అంటారు కాబోలు అనుకుంటారు. అమెరికాలో పుట్టి పెరిగిన యూదుల్లో కూడా ఇలాగే అనుకునేవాళ్లు తక్కువేమీ కాదు. కానీ కాదు. యిడ్డిష్‌లో ఆ మాటకూ పెళ్లి సంబంధాలకూ ఏ చుట్టరికమూ లేదు. ఒక నాటకంలో ఒక పాత్రకు సరదాగా పెట్టిన పేరు, ఆ సరదా ఏమిటో తెలియని ప్రేక్షకుల దాకా వెళ్లేసరికి వృత్తి పేరైపోయింది. ఈ మలుపు ఎక్కడుందో సంవత్సరంతో సహా చెప్పొచ్చు, 1964. మాటల అర్థాలు మారడం మామూలే గానీ, ఫలానా నాటకం దగ్గర మారింది అని వేలు పెట్టి చూపించగలిగేవి చాలా తక్కువ.

ముందు అసలు మాట సంగతి. యిడ్డిష్ అనేది తూర్పు యూరప్ యూదులు వందల ఏళ్లుగా ఇంట్లో, వీధిలో మాట్లాడుకున్న భాష. ఒళ్లు జర్మన్‌ది, రాసేది హీబ్రూ అక్షరాల్లో, మధ్యలో హీబ్రూ, అరామిక్, పోలిష్, రష్యన్ మాటలు కావలసినన్ని. ఆ భాషలో సంబంధాలు కుదిర్చే మగవాడు 'శద్ఖన్', ఆడమనిషి అయితే 'శద్ఖన్టె'. కుదిరిన సంబంధం 'శిద్దుఖ్'. ఇవి హీబ్రూ, అరామిక్ నుంచి వచ్చిన పాత మాటలు, యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తాల్ముద్‌లోనే పెళ్లి మాటలను శిద్దుఖిన్ అన్నారు. ఈ మాట వెనకున్న అరామిక్ ధాతువుకు నిమ్మళించడం, కుదుటపడటం అనే అర్థం ఉందని మధ్యయుగపు వ్యాఖ్యాతలు చెప్పారు. 'పిల్ల ఒక ఇంటిదైతే మాకు నిశ్చింత' అని మన పెద్దవాళ్లు అనేది కూడా దాదాపు ఈ ధోరణిలోనే.

ఆ శద్ఖన్ పని మొదట్లో చాలా గౌరవప్రదమైనది. జర్మనీలోని మైంట్స్ నగరంలో రబ్బీగా, అంటే యూదు మతగురువుగా ఉన్న యాకోబ్ మోలిన్, ఆ కాలపు యూదు పండితుల్లో పెద్ద తలకాయ, 1427లో పోయాడు, ఆయన కూడా సంబంధాలు కుదిర్చేవాడు. దానికి కారణం లేకపోలేదు. యూదులు ఊరికి కొద్ది కుటుంబాల చొప్పున చెదిరి బతికేవారు, పక్క ఊరికి ప్రయాణమంటేనే ప్రాణాలతో చెలగాటం, అలాంటప్పుడు నాలుగు ఊళ్లలో పరిచయాలుండి, ఏ ఇంట్లో చదువుకున్న కుర్రాడున్నాడో, ఏ ఇంట్లో ఈడొచ్చిన పిల్ల ఉందో తెలిసిన మనిషి పండితుడో, ఊళ్లు తిరిగే వర్తకుడో అయ్యుండాలి. ప్రతిఫలం కట్నంలో ఇంత వంతు అని ముందే మాట్లాడుకునేవారు. డబ్బు కట్నం మీద ఆధారపడి ఉందంటే తర్వాత ఏం జరుగుతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. పిల్లకు లేని గుణాలు పుట్టుకొస్తాయి, పిల్లవాడి వయసు తగ్గుతుంది, అప్పుల్లో మునిగిన ఇల్లు కాస్తా 'పాతకాలం కుటుంబం' అయిపోతుంది.

అందుకే పంతొమ్మిదో శతాబ్దానికల్లా శద్ఖన్ అంటే గౌరవం కన్నా జోకులే ఎక్కువ మిగిలాయి. చేతిలో గొడుగు, జేబులో పేర్ల పుస్తకం, నోటి నిండా అబద్ధాలు. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1905లో హాస్యం మీద రాసిన పుస్తకంలో ఈ జోకులు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి చెప్పకుండా ముందుకు వెళ్లలేం. ఒక శద్ఖన్ పెళ్లిచూపుల మాటలకు వెళ్తూ, తను చెప్పేదానికి వంత పాడటానికి ఒక కుర్రాడిని వెంటబెట్టుకుని వెళ్లాడు. 'పిల్ల దేవదారు చెట్టులా నిటారుగా ఉంటుంది' అన్నాడు శద్ఖన్. 'దేవదారు చెట్టే!' అన్నాడు కుర్రాడు. 'కళ్లయితే చూసి తీరాలి.' 'అబ్బో, ఆ కళ్లు!' 'చదువులో ఆమెకు సాటి లేరు.' 'ఏం చదువు, ఏం చదువు!' ఇక దాచలేని విషయం దగ్గరికొచ్చేసరికి శద్ఖన్ కాస్త గొంతు తగ్గించి, 'ఒక్కటే, వీపు మీద చిన్న గూని ఉంది' అన్నాడు. కుర్రాడు ఊరుకుంటాడా, 'ఏం గూని, ఏం గూని!' వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్న మనవాళ్లకు ఈ జోకుకు టీకా తాత్పర్యాలు అవసరం లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఈ జోకులన్నిటిలోనూ శద్ఖన్ మగవాడే. ఆడవాళ్లు ఈ పని చేయలేదని కాదు, చేశారు కాబట్టే శద్ఖన్టె అనే మాట ఉంది. కానీ జోకుల్లో, కథల్లో, ఊరివాళ్ల ఊహలో ఉన్న బొమ్మ మాత్రం గొడుగు పట్టుకున్న ముసలాయనది. ఇంగ్లిష్‌లోకి కూడా మొదట వచ్చింది ఆయనే. లండన్ యూదుల పేటల మీద ఇజ్రాయెల్ జాంగ్‌విల్ 1892లో అచ్చువేసిన నవలలో షుగర్‌మాన్ అనే శద్ఖన్ ఉన్నాడు. 1950ల్లో బెర్నార్డ్ మాలముడ్ రాసిన ఒక పేరున్న కథలో న్యూయార్క్ శద్ఖన్ పిన్యె సాల్జ్‌మన్, వాడూ మగవాడే. అంటే ఇంగ్లిష్ పాఠకులకు అసలు మాట అందుబాటులో లేక ఇంకో మాట పట్టుకున్నారని చెప్పడానికి వీల్లేదు. ఉంది. 1964కు ముందు కనీసం డెబ్బై ఏళ్లుగా ఉంది.

మరి యెంటా ఎవరు? యిడ్డిష్‌లో ఉచ్చారణ యెంటె, ఇంగ్లిష్ స్పెల్లింగులో చివర 'ఆ' చేరింది. అది ఆడవాళ్ల పేరు. చాలా పాత పేరు, పైగా మంచి పేరు. మధ్యయుగాల్లో ఇటలీ, ఫ్రాన్స్ వైపు నుంచి జర్మన్ ప్రాంతాలకు వచ్చిన యూదు కుటుంబాలు అక్కడి పేర్లు వెంట తెచ్చుకున్నాయి. అలాంటిదే పాత ఇటాలియన్‌లోని జెంటీలె, అంటే మర్యాద తెలిసిన, గొప్పింటి పిల్ల. అది యిడ్డిష్ నోట్లో నలిగి యెంట్ల్ అయింది, దాన్నుంచి యెంటె. బార్బ్రా స్ట్రైసాండ్ 1983లో తీసిన సినిమా పేరు 'యెంట్ల్' కూడా ఇదే పేరు. ఒకప్పుడు తండ్రి తన కూతురికి ఈ పేరు పెట్టాడంటే, మా అమ్మాయి పెద్దింటి పిల్లలా పెరగాలి అని ముచ్చటపడి పెట్టాడన్నమాట.

ఆ జెంటీలె వెనక ఉన్నది లాటిన్ మాట జెంటిలిస్, 'ఒకే వంశానికి చెందినవాడు' అని. ఇంగ్లిష్‌లోని జెంటిల్, జెంటిల్‌మన్, జెంటీల్, కులాసాగా నడిచేవాడి గురించి చెప్పే జాంటీ, అన్నీ ఈ తల్లి పిల్లలే. అన్నిటికన్నా విచిత్రమైనది జెంటైల్. యూదుడు కానివాడు అని దాని అర్థం. లాటిన్ బైబిల్లో 'ఇతర జాతులవాళ్లు' అని చెప్పడానికి వాడిన ఈ మాట ఇంగ్లిష్‌లోకి ఆ అర్థంతోనే వచ్చింది. అంటే యూదు అమ్మమ్మల పేరు యెంటె, యూదుడు కానివాడిని పిలిచే జెంటైల్, రెండూ ఒక కడుపున పుట్టిన మాటలు. ఈ చుట్టరికం మన దాకా కూడా వస్తుంది. లాటిన్‌లో వంశానికి మాట జెన్స్, దాని మూలంలో ఉన్న 'పుట్టుక' అనే అర్థమున్న ధాతువే సంస్కృతంలో జన్, జన, జాతి. తెలుగు బైబిల్ చదివేవాళ్లు జెంటైల్స్ అన్నచోట 'అన్యజనులు' అని చదువుతారు. ఆ అనువాదకులకు ఈ లెక్క తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ, ఆ 'జనులు', ఆ జెంటైల్, ఈ యెంటె దూరపు చుట్టాలే.

ఇంత మంచి పేరు పాడవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఏదో ఒక ఊళ్లో నిజంగానే యెంటె అనే గయ్యాళి ఉండేదని పిట్టకథలు చెబుతారు, వాటికి అంత విలువ ఇవ్వక్కర్లేదు. పాతబడిపోయిన పేరు కాబట్టి, వినగానే చదువుకోని, నోరున్న, వీధి అరుగు మీద కూర్చునే ఆడమనిషి గుర్తొచ్చేది, అంతే. రచయితలు దాన్ని వాడుకున్నారు. యిడ్డిష్‌లో అందరికన్నా పెద్ద పేరున్న కథకుడు షోలెమ్ అలైఖెమ్, ఇప్పటి యుక్రెయిన్‌లో 1859లో పుట్టి 1916లో న్యూయార్క్‌లో పోయినవాడు, ఒక చిన్న కుండ మీద ఒక కథ రాశాడు. కథ మొత్తం ఒకే ఒక్క మనిషి మాట. కోళ్లు అమ్ముకునే ఒక విధవరాలు రబ్బీ దగ్గరికి వస్తుంది. పాల వంటకూ మాంసం వంటకూ గిన్నెలు కలవకూడదనే నియమం ఉంది కదా, తన కుండ మైలపడిందా లేదా అని అడగాలి. అడగడానికి నోరు తెరిచింది మొదలు చచ్చిపోయిన మొగుడు, దగ్గుతున్న కొడుకు, ఇంట్లో అద్దెకున్నవాళ్లు, ఒకదాన్నుంచి ఒకదానికి పోతూనే ఉంటుంది, 'ఏదో చెబుతున్నాను, ఎక్కడున్నాను' అంటూ మళ్లీ మొదలుపెడుతుంది. చివరికి రబ్బీ స్పృహ తప్పి పడిపోతాడు. ఆవిడ పేరు యెంటె. పెళ్లి సంబంధాలతో ఆవిడకు పనే లేదు.

రెండో దెబ్బ న్యూయార్క్‌లో పడింది. 1897లో మొదలైన ఫోర్‌వెర్ట్స్ అనే యిడ్డిష్ దినపత్రిక, వలస వచ్చిన యూదుల ఇళ్లలో పాలూ రొట్టెలతో పాటు వచ్చేది. అందులో యాకోబ్ ఆడ్లర్ అనే హాస్య రచయిత బి. కోవ్నర్ అనే కలం పేరుతో 1910ల్లో యెంటె టెలెబెండె అనే పాత్రను మొదలుపెట్టాడు. మొగుడు మెండెల్‌ను కూర్చుంటే తప్పు, నిలబడితే తప్పు అని ఉతికి ఆరేసే ఇల్లాలు. జనం విరగబడి చదివారు. స్టేజీ ఎక్కింది, గ్రామఫోను రికార్డుల్లోకి వెళ్లింది. ఇక ఆ తర్వాత ఏ తల్లి తన పిల్లకు యెంటె అని పేరు పెడుతుంది? తెలుగువాళ్లకు ఇది అర్థం కావడానికి ఒక్క పేరు చాలు, సూర్యకాంతం. ఆవిడ నటన పుణ్యమా అని బంగారంలాంటి పేరు కాస్తా తిట్టయి కూర్చుంది, 'మా అత్త ఒట్టి సూర్యకాంతం' అంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు, ఇళ్లలో ఆ పేరు పెట్టుకోవడమూ మానేశారు. యెంటె విషయంలోనూ అంతే. పేరుగా చచ్చిపోయింది, మామూలు మాటగా బతికింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, పక్కింటి సంగతుల్లో తల దూర్చే మనిషి, ఆ రెండూ యెంటె. 1920ల నుంచి ఇంగ్లిష్ అచ్చులోనూ ఈ అర్థంతోనే కనిపిస్తుంది. ఇలా పేర్లను తిట్లుగా మార్చడం యిడ్డిష్‌కు కొత్తేమీ కాదు. యఖ్నె కూడా ఒకప్పుడు ఆడపిల్ల పేరే, అదీ చాడీలకోరు అనే అర్థంలోకి దిగిపోయింది. పనికిమాలినవాడిని ష్మెండ్రిక్ అంటారు, అది అబ్రహాం గోల్డ్‌ఫాడెన్ 1877లో ఆడించిన సంగీత నాటకంలో పాత్ర పేరు.

ఇప్పుడు 1964. షోలెమ్ అలైఖెమ్ రాసిన ఇంకో కథల వరస ఉంది, పాలు అమ్ముకునే తెవ్యె, ఈడొచ్చిన అతని కూతుళ్ల కథలు. 1894 నుంచి ఇరవై ఏళ్ల పాటు విడతలు విడతలుగా రాశాడు. వాటిలో కనిపించే శద్ఖన్ మగవాడు, పేరు ఎఫ్రాయిమ్. ఈ కథలను పట్టుకుని జోసెఫ్ స్టైన్ మాటలు, జెర్రీ బాక్ సంగీతం, షెల్డన్ హార్నిక్ పాటలతో 'ఫిడ్లర్ ఆన్ ద రూఫ్' అనే సంగీత నాటకం తయారైంది. జెరోమ్ రాబిన్స్ దర్శకత్వంలో 1964 సెప్టెంబర్ 22న న్యూయార్క్ నాటకశాలల పేట బ్రాడ్‌వేలో ఇంపీరియల్ థియేటర్‌లో తెర లేచింది. స్టైన్ చేసిన మార్పుల్లో ఒకటి ఎఫ్రాయిమ్‌ను పక్కనపెట్టి, ఆ స్థానంలో ఒక విధవరాలిని తేవడం. ఊరందరి సంగతులూ తెలిసిన, వచ్చిందంటే వెళ్లేదాకా నోరు మూయని మనిషి. మరి అలాంటి మనిషికి ఏ పేరు పెడతారు? యెంటె అనే పెడతారు.

ఇది పాత్రకు వాగుడుకాయ అని పేరు పెట్టడం లాంటిది. యిడ్డిష్ తెలిసినవాడు ప్రోగ్రాం కాగితంలో ఆ పేరు చూడగానే నవ్వుతాడు, ఆవిడ ఇంకా స్టేజీ మీదికి రాకముందే. ఆ పాత్ర మొదట వేసింది బీ ఆర్థర్, తర్వాత టీవీ సీరియళ్లతో ఇంటింటికీ తెలిసిన నటి. 1971లో నార్మన్ జూయిసన్ సినిమాగా తీసినప్పుడు వేసింది మాలీ పైకాన్, యిడ్డిష్ నాటకరంగంలో మహారాణిలా వెలిగిన మనిషి, యెంటె అంటే ఏమిటో ఆవిడకు ఎవరూ చెప్పే పనిలేదు. కథలోకి యెంటె వచ్చేదే తెవ్యె భార్య గోల్డె ఇంటికి, శుక్రవారం సాయంత్రం పండుగ పనుల హడావుడిలో గోల్డె ఊపిరి సలపకుండా ఉంటే. విషయం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: కసాయి లాజర్ వోల్ఫ్‌కు మీ పెద్దపిల్ల నచ్చింది. కానీ ఆ ముక్క బయటికి రావడానికి ముందు పోయిన మొగుడి ప్రస్తావన రావాలి, ఇంకెవరికో కుదిర్చిన సంబంధం గొప్ప చెప్పుకోవాలి. పిల్లకు చూపు ఆనదు, పిల్లవాడి మొహం చూడలేం, ఆమె చూపుకూ అతని మొహానికీ బ్రహ్మాండంగా జోడీ కుదిరింది, అని. ఫ్రాయిడ్ ఏరిన జోకుల కుటుంబమే ఇదీ. కుండ పట్టుకుని రబ్బీ దగ్గరికొచ్చిన యెంటె మాట తీరు, గొడుగు శద్ఖన్ అబద్ధాలు, రెండింటినీ ఒకే మనిషిలో కూరారు. నాటకం రాసేవాళ్ల కోణంలో చూస్తే చాలా తెలివైన పని.

ప్రేక్షకుల కోణంలో జరిగింది వేరు. ఆ నాటకం ఆ విడతలో 3,242 సార్లు ఆడింది, అప్పటికి బ్రాడ్‌వేలో మూడు వేలు దాటిన సంగీత నాటకం ఇంకోటి లేదు. ఆ తర్వాత లండన్, టోక్యో, అమెరికాలో ప్రతి ఊరి హైస్కూలు. యిడ్డిష్ తెలిసినవాళ్లు అందులో ఎంతమంది? రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఆ భాష మాట్లాడేవాళ్లు కోటికి పైగా ఉండేవారు. నాజీలు చంపిన అరవై లక్షల మందిలో ఎక్కువమంది వాళ్లే. అమెరికాకు ముందే చేరినవాళ్ల పిల్లలు ఇంగ్లిష్‌లోకి మారిపోయారు, మనవలకు వంటింటి మాటలు, తిట్లు నాలుగు మిగిలాయి. అలాంటి హాల్లో 'యెంటె, పెళ్లిళ్ల మధ్యవర్తి' అని వినపడింది. పేరు ఏది, వృత్తి ఏది? ఇంతకు ముందు యెంటె అనే పేరుగల మనిషిని చూసినవాళ్లు కాదు. తెవ్యె కూతుళ్లు ముగ్గురూ మధ్యవర్తిని తలుచుకుంటూ పాడే పాట నాటకంలో బాగా పేరు తెచ్చుకున్న పాటల్లో ఒకటి. ఆ పాట, ఆ పేరు, ఆ మొహం మూడూ కలిసి ఒకే ముద్దగా గుర్తుండిపోయాయి. యెంటె అంటే పెళ్లిళ్లు కుదిర్చే ఆవిడ. అర్థం అక్కడ స్థిరపడింది.

చాలామంది భాషాభిమానులు దీన్ని ఒట్టి పొరపాటు అని కొట్టిపారేస్తారు గానీ, అంత తేలిగ్గా తీసేయడానికి లేదు. సంబంధాలు చూసేవాళ్లకు ఇళ్ల సంగతులు తెలియాలి, తెలియాలంటే ఆరా తీయాలి, ఆరా తీసినదాన్ని ఇంకో ఇంట్లో చెప్పాలి. ఈ మూడూ యెంటె చేసే పనులే, కాకపోతే ఆవిడ జీతం లేకుండా చేస్తుంది. అంటే ఆ రెండు అర్థాల మధ్య దూరం ముందే తక్కువ, నాటకం దాని మీద వంతెన వేసింది. పైగా శద్ఖన్‌లోని గొంతు లోపలి 'ఖ' ఇంగ్లిష్ నాలుకకు లొంగదు, అచ్చులో ఎలా రాయాలో కూడా ఎవరికీ ఒక తీరు లేదు. యెంటాకు ఆ బాధ లేదు, రెండు అక్షరాలు, ఎవరైనా పలకొచ్చు. ఇంకోటి, ఆ ఏడాది గాలి అలా వీచింది. అదే 1964 జనవరిలో 'హలో, డాలీ!' బ్రాడ్‌వేకి వచ్చింది, అందులోనూ కథానాయిక పెళ్లిళ్లు కుదిర్చే విధవరాలే, డాలీ లీవై. ఒకే సంవత్సరంలో రెండు పెద్ద హిట్లు మధ్యవర్తి అంటే నోరున్న ఆడమనిషే అని చూపించాక, గొడుగు ముసలాయన ఎవరికి గుర్తుంటాడు.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే, ఆ నాటకంలో తెవ్యె ఇంట్లో యెంటె కుదిర్చిన సంబంధం ఒక్కటీ నిలబడదు. లాజర్ వోల్ఫ్ సంబంధం తెవ్యె ఒప్పుకుని కూడా తప్పిపోతుంది, పెద్దపిల్ల దర్జీ మోటెల్‌ను చేసుకుంటుంది. రెండో పిల్ల విప్లవాలు మాట్లాడే విద్యార్థి పెర్చిక్ వెంట సైబీరియా దాకా వెళ్తుంది. మూడో పిల్ల ఏకంగా ఫ్యెద్కాతో వెళ్లిపోతుంది, అతను యూదుడే కాదు, జెంటైల్. కథ మొత్తం మధ్యవర్తుల కాలం అయిపోయిందనే చెబుతుంది. చివర్లో ఊరు ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చి సామాన్లు సర్దుకుంటుంటే, యెంటె ఇద్దరు చిన్న కుర్రాళ్లను గోల్డెకు చూపించి, ఇంకా పాలబుగ్గల పిల్లలైన చిన్న కూతుళ్లకు సంబంధం మాట్లాడబోతుంది. ఇలాంటి మనిషి పేరు, ఇంగ్లిష్‌లో జంటలు కలపడంలో ఆరితేరినవాళ్లకు బిరుదైంది.

పని పేరు కాస్తా మనిషి పేరులో కలిసిపోవడం మధ్యవర్తులకు ముందునుంచీ ఉన్న జాతకమే. ఇంగ్లిష్ ఇదే పని ఒకసారి పాండరస్‌తో చేసింది. హోమర్ ఇలియడ్‌లో పాండరస్ ట్రాయ్ పక్షపు విలుకాడు, సంధి కుదిరాక మెనెలాస్ మీద బాణం వేసి యుద్ధాన్ని మళ్లీ రాజేసినవాడు, ప్రేమలతో అతనికి పనిలేదు. పద్నాలుగో శతాబ్దంలో ఇటలీలో బొకాచియో ఆ పేరు తీసుకుని ట్రాయ్ రాకుమారుడు ట్రాయిలస్‌కు ప్రేమ రాయబారిని చేశాడు, 1380ల్లో చాసర్ అదే కథను ఇంగ్లిష్‌లో చెబుతూ అతన్ని నాయికకు మేనమామను చేశాడు. షేక్‌స్పియర్ నాటకానికి వచ్చేసరికి పాండరస్ స్వయంగా స్టేజీ మీద నిలబడి, ఈ పొత్తు చెడితే లోకంలో రాయబారులందరినీ నా పేరుతోనే పిలవండి అని శపథం పట్టాడు. పిలిచారు. పాండర్ అంటే తార్పుడుకాడు అయింది, ఆ తర్వాత ఇంకా పలచబడి ఎవరికి కావలసింది వాళ్లకు అందించి మచ్చిక చేసుకోవడం అయింది. ఇప్పుడు మన ఇంగ్లిష్ పేపర్లలో ఓటు బ్యాంకులకు పాండర్ చేయడం అని రాసినప్పుడల్లా ట్రాయ్ విలుకాడే వచ్చి పోతుంటాడు. స్పానిష్‌లో అయితే 1499 నాటి ఒక రచనలోని ముసల్ది సెలెస్టీనా పేరు, తార్పుడుకత్తెకు మామూలు మాట అయిపోయింది. తెలుగులో పెళ్లిళ్ల పేరయ్య ఉండనే ఉన్నాడు. ఆయన పదవి చాలా నయం, ఎవరూ తిట్టుగా వాడరు, వాడినా కాస్త వెక్కిరింపు, అంతే. ఇంగ్లిష్ సొంత మాట మ్యాచ్‌మేకర్ మాత్రం ఎవరి పేరూ కాదు. పాత ఇంగ్లిష్‌లో జోడీ, సాటివాడు అనే మాట నుంచి వచ్చిన మ్యాచ్ అది. అగ్గిపుల్ల మ్యాచ్ వేరే, అది ఫ్రెంచ్‌లో వత్తి అనే మాట నుంచి వచ్చింది, ఇద్దరికీ సంబంధం లేదు, కుదిరిన సంబంధాలు కొన్ని భగ్గుమన్నా సరే.

1964 తర్వాత యెంటా ఎంత దూరం వెళ్లిందో చూడాలంటే ఇంజనీర్లను చూడాలి. 1990ల్లో ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో లెనర్డ్ ఫోనర్ ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. ఒకే రకం ఆసక్తులున్న మనుషులను ఒకరికొకరిని పట్టిచ్చే పని దానిది, మధ్యలో పెద్ద సర్వర్ లేకుండా, ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ను అడిగి తెలుసుకుంటూ. దానికి పెట్టిన పేరు యెంటా. కబుర్లు ఒకచోట నుంచి ఇంకోచోటికి మోసి జోడీలు కలుపుతుంది కాబట్టి, పాత అర్థం కొత్త అర్థం రెండూ అతికిన పేరు అదొక్కటే కావచ్చు. తర్వాత జపాన్‌లో అట్రే అనే కంపెనీ ఉద్యోగస్తులను ఒకరికొకరిని పరిచయం చేసే యాప్ తెచ్చి దానికీ యెంటా అనే పేరు పెట్టింది. టోక్యోలో ఫోన్ తెరిచి యెంటాలో ఎవరినో కలిసేవాడికి యెంటె టెలెబెండె ఎవరో, మెండెల్ ఎన్ని తిట్లు తిన్నాడో తెలియాల్సిన అవసరమే లేదు.

డిక్షనరీలు మాత్రం ఇంకా మెట్టు దిగలేదు. మెరియమ్-వెబ్‌స్టర్ తెరిస్తే తలదూర్చే మనిషి, కబుర్లు మోసే మనిషి అనే ఉంటుంది. ఇది మొండితనం కాదు, న్యాయమే, ఎందుకంటే పాత అర్థం చచ్చిపోలేదు. న్యూయార్క్‌లో ఒకావిడ 'నేను యెంటాను కాను గానీ' అని మొదలుపెట్టిందంటే తర్వాత వచ్చేది పెళ్లి సంబంధం కాదు, ఎవరి గుట్టో. కాబట్టి ప్రస్తుతానికి రెండు అర్థాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి, సందర్భాన్ని బట్టి పట్టుకోవాలి.

అసలు పని చేసేవాళ్లు ఏమయ్యారంటే, వాళ్లూ ఉన్నారు. సంప్రదాయ యూదుల్లో శద్ఖన్‌లు ఇప్పటికీ సంబంధాలు చూస్తున్నారు, పిల్ల, పిల్లవాడి వివరాలు బయోడేటా కాగితాల్లో చేతులు మారుతున్నాయి, మన మ్యారేజ్ బ్యూరోల్లో మారినట్టే. వృత్తిలో ఆడవాళ్లు ఇప్పుడు బాగా ఎక్కువ. ప్రపంచమంతా పాకిన స్పీడ్ డేటింగ్ కూడా ఈ సమాజంలోంచే వచ్చింది. లాస్ ఏంజెలిస్‌లో యాకోవ్ డేయో అనే రబ్బీ, పెళ్లికాని యూదు యువతీ యువకులను ఒకచోట చేర్చి కాసేపు మాట్లాడుకుని జోడీ మార్చుకునే పద్ధతి 1998లో మొదలుపెట్టాడు, ఆయన చేసింది శద్ఖన్ పనే, గొడుగు బదులు గడియారం పట్టుకున్నాడు. 2018లో న్యూయార్క్‌లో 'ఫిడ్లర్' నాటకాన్ని పూర్తిగా యిడ్డిష్‌లో ఆడారు, తెర మీద ఇంగ్లిష్, రష్యన్ తర్జుమా వేసి. యిడ్డిష్‌లోకి వెళ్లగానే రెండు మాటలూ మళ్లీ విడిపోక తప్పదు, ఆవిడ పేరు యెంటె, పని శద్ఖన్టె. అక్కడ రెండోదాన్ని మొదటిదానితో చెప్పడం కుదరదు. బ్రూక్లిన్‌లో యిడ్డిష్ ఇంకా ఇంటి భాషగా ఉన్న పేటల్లో, సంబంధం చూసిపెట్టే ఆవిడను మెచ్చుకుందామని ఎవరైనా యెంటె అంటే, ఆవిడకు అది పొగడ్తగా వినపడదు. ఆ తర్వాత వాళ్ల పిల్లకు సంబంధం వేరే ఎవరినో అడుక్కోవాలి.